రేపు రా: ఒక వాయిదాల మనిషి గ్రూప్-2 ప్రిపరేషన్

ముందే చెప్పేస్తా. ఇది ర్యాంకు కొట్టినవాడి అనుభవం కాదు. 2023లో నోటిఫికేషన్ పడిన ఆంధ్రా గ్రూప్-2లో (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) మొదటి దశ ప్రిలిమ్స్ గట్టెక్కా, రెండో దశ మెయిన్స్ రాశా, ఆఖరి లిస్టులో నా నెంబరు లేదు. ర్యాంకర్ల ఇంటర్వ్యూలు కావాలంటే యూట్యూబ్‌లో కోకొల్లలు. నేను రాసేది పుస్తకం తెరవడానికే ఐదేళ్లు పట్టేవాళ్ల కోసం. టేబుల్ మీద పుస్తకం, చేతిలో ఫోను, మనసులో "తొమ్మిదికి మొదలెడదాం". చూసేసరికి తొమ్మిదీ ఏడు. సరే, అయితే పదికి. మనకి గడియారం సరిగ్గా గంట కొట్టాలి, మధ్యలో మొదలెడితే చదువు ఎక్కదు కదా!

చిన్నప్పుడు పాకాల పక్కన మా ఊళ్లో కొన్ని ఇళ్ల తలుపుల మీద సుద్దతో "స్త్రీ రేపు రా" అని రాసుండేది. రాత్రిళ్లు దయ్యం వచ్చి తలుపు కొడుతుందట. ఆ రాత చదివి వెనక్కి పోతుందట. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుందట. చదువుకున్న దయ్యం, పాపం. నా సిలబస్‌కి కూడా నేను ఐదేళ్లు అదే బోర్డు చూపించా. దయ్యమన్నా వెనక్కి పోయేది, సిలబస్ మాత్రం గడప మీదే కూర్చుంది.

సాకులకి మన దగ్గర కొదవేముంది? మంగళవారం మొదలుపెట్టకూడదు. అమావాస్య పోనీ. ఆషాఢం, ఆ తర్వాత మూఢం. ఒకటో తారీకు నుంచి, కాదు ఉగాది నుంచి. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ గీసి గోడకి అతికించడం, అది వారం తిరక్కుండానే పాడైతే ఇంకోటి గీయడం. రూం ఖాళీ చేసేటప్పుడు చూస్తే ఒకదాని మీద ఒకటి పదకొండున్నాయి. రాత్రి పూట మోటివేషన్ వీడియోలు చూసి రోమాలు నిక్కబొడుచుకుని ఒంటిగంటకి పడుకుంటే, మర్నాడు లేచేది తొమ్మిదికి. ఆ వీడియోలవల్ల నాకు పోయిన నిద్ర తప్ప వచ్చిన మార్కు ఒక్కటీ లేదు.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో, బాలాజీ కాలనీ వైపు ఒక జిరాక్స్ షాపులో చేరా. పొద్దున చదువు, పది నుంచి షాపు అని ప్లాను. యూనివర్సిటీ చుట్టుపక్కల జిరాక్స్ షాపంటే తెలుసు కదా, ఊళ్లో ఉన్న మెటీరియలంతా చేతుల మీదుగా పోతుంది. ఎవరెవరు ఏం చదువుతున్నారో నాకు తెలుసు, చదవనిది నేనొక్కడినే. ఇంకో సంగతి కూడా అక్కడే కనిపెట్టా. నాలుగొందల పేజీలు స్పైరల్ వేయించుకుని, ఆ కొత్త అట్టని ఒకసారి నిమిరి చంకలో పెట్టుకుని పోయేవాళ్ల మొహంలో ఒక తృప్తి ఉంటుంది. అప్పుడే సగం చదివేసిన తృప్తి. ఆర్నెల్లకి అదే మనిషి, అదే మెటీరియల్, మళ్లీ స్పైరల్. "పాతది ఎక్కడో పెట్టానన్నా, కనబడలే." నేను నవ్వేవాణ్ని కాదు. నా రూంలో అలాంటివి ఎన్నున్నాయో నాకు తెలుసు.

2018 ఆఖర్న గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చినప్పుడు చివరి రోజు రాత్రి పదకొండింటికి అప్లై చేశా. ఆ పరీక్ష గురించి చెప్పడానికేమీ లేదు. సగం ప్రశ్నలు "ఎక్కడో చూశానే" అనిపించాయి, అంతే. తర్వాత నాలుగేళ్లు "నోటిఫికేషన్ పడనీ, అప్పుడు చూపిస్తా" అంటూ గడిపా. 2023 డిసెంబరు 7న పడింది, 897 పోస్టులతో. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25. లెక్కేస్తే 80 రోజులు. మొదటి నెల నేనేం చేశానో తెలుసా? ఏ పుస్తకాలు మంచివో నలుగుర్ని అడిగా.

మీ చరిత్ర పుస్తకం ఒకసారి చేతిలోకి తీసుకుని, తెరవకుండా, పేజీల అంచుని పక్కనుంచి చూడండి. నాది మొదటి అంగుళంలో పావు వంతు నల్లగా మాసిపోయి ఉండేది, మిగతాదంతా తెల్లగా. సింధు నాగరికత కనీసం పదిహేనుసార్లు చదివా. మొహెంజొదారో స్నానవాటికలో నేనే దిగి స్నానం చేసినంత పరిచయం. ఆధునిక భారతానికొచ్చేసరికి పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ప్రతిసారీ "మొదట్నుంచీ పద్ధతిగా" మొదలుపెట్టడంవల్ల వచ్చిన జబ్బు ఇది.

మా షాపుకి ఒక అక్క వచ్చేది. కొర్లగుంట నుంచి, స్కూటీ మీద, ముందర రెండో తరగతి కొడుకుని నిలబెట్టుకుని. జనవరి మొదట్లో మోడల్ పేపర్ ఒకటి జిరాక్స్‌కి ఇచ్చి, ఊరికే అడిగినట్టు అడిగింది.

"నీకు ఎంతొస్తాండాయి నాయనా?"

"ఏంటక్కా?"

"మార్కులు. టెస్టులు రాస్తాండావు కదా."

"ఇంకా సిలబస్ అవలేదక్కా. అయినాక రాద్దామని."

ఆమె కొడుకు చేతిలోంచి స్టేప్లర్ లాక్కుని పక్కన పెట్టింది. "సిలబస్ అయ్యేది ఎవురికీ లేదు. ఇంకో సెట్టు తియ్యి." తీశా. డబ్బులిచ్చి, ఒక సెట్టు కౌంటర్ మీదే వదిలేసి పోయింది.

ఆ కాగితాలు మూడు రోజులు డ్రాయర్లో ఉన్నాయి. టీకి పోతే గుర్తొచ్చేవి, అన్నం తింటుంటే గుర్తొచ్చేవి. అప్పుడు మొదటిసారి నాకు అనుమానమొచ్చింది, నాది బద్ధకమేనా అని. బద్ధకస్తుడైతే షాపులో రోజుకి పది గంటలు నిలబడి ఎట్లా పనిచేస్తా? అసలు సంగతి వేరే. టెస్టు రాయనంతకాలం నేను "చదివితే కొట్టేవాణ్ని". రాస్తే ఆ మాట పోతుంది. ఐదేళ్లుగా నేను కాపాడుకుంటూ వచ్చింది ఆ ఒక్క మాటని. ఇంట్లో, చుట్టాల్లో, ఫ్రెండ్స్‌లో నాకున్న విలువంతా దాని మీదే నిలబడి ఉంది. పుస్తకం తెరవగానే వచ్చే ఆ చిరాకు, ఆ ఆవులింత, ఉన్నట్టుండి రూం ఊడవాలనిపించడం, ఇవన్నీ ఆ భయం వేసుకున్న వేషాలు.

జనవరి 7, ఆదివారం, షాపు షట్టర్ సగం దించి లోపల కూర్చుని రాశా. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. 130కి జవాబులు పెట్టా. 64 రైటు, 66 తప్పు. తప్పుకి మూడో వంతు కోత కాబట్టి 22 పోయి, మిగిలింది 42. సబ్జెక్టులవారీగా, ఒక్కోదానికి 30కి, చరిత్ర 21, మెంటల్ ఎబిలిటీ 14, జాగ్రఫీ 11, భారతీయ సమాజం 10, కరెంట్ అఫైర్స్ 8. పది నిమిషాలు ఊరికే కూర్చున్నా. విచిత్రమేంటంటే, తర్వాత ఆకలేసింది. బయటికొచ్చి రెండు కారందోశెలు తిన్నా. 42 అనేది అంకె. అంకెతో ఏదో ఒకటి చేయొచ్చు. "చదివితే కొట్టేవాణ్ని" అనేదాంతో ఏమీ చేయలేం.

వారానికే సంక్రాంతి. ఊరికి పోతే పుస్తకం ముట్టనని తెలిసి కూడా పోయా. మా ఇంట్లో రెండావులు. కనుమ నాడు కూడా, అటు చిట్లాకుప్ప అనే పశువుల వేడుకకి ఊరంతా తయారవుతుంటే, మా అమ్మ నాలుగున్నరకే లేచి పాలు పిండుతోంది. ఆరున్నరలోపు పాలకేంద్రంలో పోయాలి. నేను దుప్పటి కప్పుకునే అన్నా, "పండగ పూట కూడానా అమ్మా, కాసేపు పడుకోకూడదా" అని. "అట్లనే. ఆవుకు చెప్పి రా పో, ఈ పొద్దు మనసు బాగలేదంట, రేపు పిండతాదంట అని." ఒక పూట వదిలేస్తే పొదుగు రాయిలా గట్టిపడుతుంది, వాపొస్తుంది, డాక్టరొస్తాడు. మా అమ్మకి ఏ రోజూ పాలు పిండాలనే ఉత్సాహం ఉండి ఉంటుందని నేననుకోను. చెంబు పట్టుకుని ఆవు పక్కన కూర్చుంటుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

తిరుపతికి తిరిగొచ్చిన రాత్రి షాపులో కటింగ్ మిషన్ ముందు నిలబడి నా జాగ్రఫీ పుస్తకం వీపు కోసేశా. మా రూమ్మేట్ "సరస్వతిరా!" అని కళ్లకద్దుకోబోయాడు. ఆరొందల పేజీల పుస్తకం నలభై నలభై పేజీల పదిహేను బుక్కులైంది. ఒక్కోదానికి రెండు పిన్నులు. పుస్తకాన్ని చూస్తే భయం, నలభై పేజీలని చూస్తే ఏముంది, పెళ్లి శుభలేఖ కంటే కాస్త లావు. రూంలో పద్నాలుగు, షాపులో ఒకటి. ఆ ఒకటీ అయితే తప్ప రెండోది తేను. పైగా చివరి బుక్కు నుంచి మొదటికి చదివా, ఎందుకంటే మొదటివి ఎలాగూ మాసిపోయి ఉన్నాయి. ఈ ఒక్క పనీ చేసి చూడమని నా సలహా. మీ ఊళ్లో జిరాక్స్ షాపతను ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుని కోసిస్తాడు.

రెండోది జిరాక్స్ మిషన్. పొద్దున స్విచ్ వేస్తే అది వేడెక్కడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ టైంలో పది బిట్లు. మిషన్ ఆన్ అయితే బిట్లు, అంతే, ఆలోచన లేదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఇదే సంగతి మీద 1999లో పేపర్ రాశాడని తర్వాత తెలిసింది. "బాగా చదవాలి" అనుకోవడంకంటే "ఫలానా చోట ఫలానా టైమైతే ఫలానా పని" అని ముందే ముడేసుకున్నవాళ్లు పనిలోకి దిగే అవకాశం ఎక్కువట. రోజూ పది బిట్లతో మొదలైతే, చాలా రోజులు నలభైకి పోయేది. కొన్ని రోజులు పది దగ్గరే ఆగేది. ఆగినా తిట్టుకోలేదు. తిట్టుకుంటే మర్నాడు ఆ పుస్తకం మొహం చూడబుద్ధి కాదు, ఇది నా సొంత అనుభవం.

ప్రిలిమ్స్ ఫలితాలు ఏప్రిల్‌లో వచ్చాయి, నా నెంబరుంది. ఇక్కడ సినిమా అయితే శుభం కార్డు పడాలి. మెయిన్స్ జులై 28 అన్నారు. తర్వాత వాయిదా పడింది. ఆ వార్త ఫోన్లో చూడగానే నా ఒంట్లోకొచ్చిన హాయి చూసి నాకే సిగ్గేసింది. బడికి సెలవిచ్చినప్పటి హాయి. కొత్త తేదీ 2025 జనవరి 5, చివరికి రాసింది ఫిబ్రవరి 23న. పార్కిన్సన్ అనే ఆయన 1955లోనే అన్నాడు, పనికి ఎంత టైమిస్తే పని అంతవరకూ సాగుతుందని. నాకైతే సాగలేదు, ఆగిపోయింది. ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలూ గాలికి. ఒకసారి తగ్గిన రోగం తిరగబెడితే మొదటిదానికంటే గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఈసారి "నేను మారాను" అనే నమ్మకం కూడా పోతుంది.

ఇక్కడ తిరుపతివాడు అలిపిరి మెట్ల గురించి చెప్పాలని మీరు ఎదురుచూస్తుండొచ్చు. చెప్పలేను. ప్రిలిమ్స్ గట్టెక్కితే 3,550 మెట్లూ ఎక్కొస్తానని మొక్కుకున్నా, ఆ మొక్కు తీరింది నవంబర్లో. కళ్లెదుట కొండ, ఏడు నెలల వాయిదా.

మళ్లీ దారిలోకి రావడానికి పనికొచ్చినవాడు ఒక అన్న. డీఎస్సీకి చదివేవాడు. ఇద్దరం పొద్దున ఐదున్నరకి టీకొట్టు దగ్గర కలవాలి, లేటైనవాడు టీ డబ్బులివ్వాలి. పది రూపాయల టీ కోసం ఎవడైనా లేస్తాడా అనుకోకండి. అవతల ఒక మనిషి చలిలో నిలబడి దారి చూస్తున్నాడంటే లేస్తాం. మన మాట మనం తప్పడం అలవాటే, పక్కవాడి మాట తప్పాలంటే మొహం చెల్లదు.

మెయిన్స్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీకి 75 మార్కులు. దాన్ని 14 నెలలు ముట్టలేదు. శ్రీహరికోట మన జిల్లాలోనే ఉంది, రాకెట్ చాప్టర్ మాత్రం నాకు చంద్రుడంత దూరం. అక్టోబరులో ఒక పొద్దున, టీ తాగి వచ్చి, ఆ బుక్కు తీశా. పీఎస్‌ఎల్‌వీకి నాలుగు దశలు. ఒకటి, మూడు ఘన ఇంధనం. రెండు, నాలుగు ద్రవ ఇంధనం. చంద్రయాన్-3ని 2023 జులై 14న ఎగరేసింది ఎల్‌వీఎం-3. ఆగస్టు 23న చంద్రయాన్ చంద్రుడి మీద దిగింది. రాసుకుంటూ చదివితే మొత్తం 35 నిమిషాలు. గడియారం చూసుకుని కాసేపు ఏమీ తోచలేదు. 14 నెలలు నేను మోసిన బరువు 35 నిమిషాలదా?

ఈ చదువు అలవాటు మిగతా బతుకులోకి కూడా కాస్త పాకింది. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు తప్పు ఆరేళ్ల తర్వాత దిద్దించుకున్నా. పన్ను పీకించుకున్నా. మా మేనమామకి ఫోన్ చేశా, ఆయన మొదటి మాట "ఎవురు సచ్చిపోయినారు?"

ఒకటి మాత్రం జాగ్రత్తగా విడదీసి చూసుకోండి. మా రూంలో ఇంకో అబ్బాయికి వారాల తరబడి నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మేం దాన్ని కూడా బద్ధకమే అనుకుని ఎగతాళి చేశాం. అది మేం చేసిన పాపం. అలాంటిదానికి పుస్తకం కోస్తే పోదు, డాక్టరు దగ్గరకి పోవాలి. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

మెయిన్స్ ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. ఎకానమీ చివరి నాలుగు బుక్కులు రూంలోనే ఉండిపోయాయి. గాలికి పోయిన ఆ రెండు నెలలుంటే అయ్యేవి. ఇప్పుడు వాటితోనే మళ్లీ మొదలుపెట్టా.

ఇది రాస్తానని ఆ అక్కకి చెప్పి మూడు వారాలైంది. ఇవాళ నాలుగున్నరకి లేచి కూర్చున్నా, ఇప్పుడు టైం ఐదూ నలభై. ఫోన్లో రెండు మిస్డ్ కాల్స్. ఈ పొద్దు టీ డబ్బులు నావే.