కిటికీ పక్క బల్ల, నాలుగో గంట

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో కిటికీ పక్కనున్న బల్ల మా బ్యాచ్‌ది. వేళ్లకంటిన క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు మరకలు ఆదివారం దాకా పోయేవి కావు. గ్రామ్ స్టెయిన్ (క్రిములు పట్టుకునే రంగును బట్టి వాటిని రెండు రకాలుగా విడదీసే పరీక్ష) చేస్తుంటే మేడమ్ వెనకే నిలబడి, రంగు కడిగే అసిటోన్ పడగానే "చాలు, నీళ్లు పొయ్యమ్మా" అనేవారు. కాస్త ఆలస్యమైనా ఊదాగా ఉండాల్సిన గ్రామ్ పాజిటివ్ క్రిమి రంగు వదిలేసి, ఆ తర్వాత వేసే సాఫ్రనిన్ రంగు పట్టి గులాబీగా కనిపిస్తుంది.

ఒకరోజు చీము శాంపిల్ నుంచి పెరిగిన ప్లేటు నాకిచ్చారు. ఆపరేషన్ కుట్లకు చీము పట్టిన పేషెంటుది. స్లైడులో ఊదారంగు గుండ్రటి క్రిములు, ద్రాక్షగుత్తుల్లా. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కాలనీ కలపగానే బుసబుసా నురగ. ఆ నురగ తెప్పించే ఎంజైమ్ కేటలేజ్. కేటలేజ్ పాజిటివ్ కాబట్టి స్ట్రెప్టోకాకస్ కాదు, స్టెఫైలోకాకస్. (రక్తం కలిపిన జెల్లీ, అంటే బ్లడ్ అగార్ మీద కాలనీ తీసేటప్పుడు అగార్ గీరుకోకూడదు. రక్తకణాల్లోనూ కేటలేజ్ ఉంటుంది, దానికీ నురగొస్తుంది.)

ఇక తేలాల్సింది ఒక్కటే: చీము పట్టించే ఆరియస్సా, చర్మం మీద మామూలుగా ఉండే వేరే రకమా? ఆరియస్ అయితే దాని కోయాగ్యులేజ్ అనే ఎంజైమ్ ప్లాస్మాను గడ్డ కట్టిస్తుంది. ఉదయం పదింటికి ప్లాస్మాలో కల్చర్ కలిపి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మధ్యాహ్నం థియరీ క్లాసు, ఆ తర్వాత బస్సు టెన్షన్. మర్నాడు ట్యూబు వంచితే ప్లాస్మా నీళ్లలా జారింది. 'కోయాగ్యులేజ్ నెగటివ్' అని రాసేశాను.

"పెట్టాక నాలుగో గంటకి చూశావామ్మా?" అని అడిగారు మేడమ్.

చూడలేదు. మళ్లీ పెట్టించారు. ఈసారి ట్యూబును కుదపకుండా, మెల్లగా వంచి చూస్తూ అక్కడే కూర్చున్నాను. మూడు గంటలు దాటాక ప్లాస్మా కదల్లేదు, జున్నులా గట్టిపడింది. మర్నాడు పొద్దున్నకి ఆ గడ్డ కరిగిపోయి ఉంది. కొన్ని ఆరియస్‌లు స్టెఫైలోకైనేజ్ అనే ఎంజైమ్ కూడా తయారుచేస్తాయి. తాము కట్టిన గడ్డ దానివల్లే కరిగిపోతుంది.

"నీ మొదటి రిపోర్టు చూస్తే, చర్మం మీది క్రిమి శాంపిల్లో కలిసిందేమో అని డాక్టరు వదిలేయొచ్చు. ఆ కుట్లు పడ్డ మనిషిని తలుచుకో" అన్నారు. గొంతు పెంచలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నేను పనిచేసే ల్యాబ్‌లో కోయాగ్యులేజ్ ర్యాకుకి ఒక చీటీ ఉంటుంది, పెట్టిన టైమూ చూడాల్సిన టైమూ రాసి. నాలుగు గంటలు గడిచినా గడ్డ కట్టకపోతేనే రాత్రంతా ఉంచి మళ్లీ చూస్తాం. ట్రైనింగ్‌కి వచ్చిన పిల్లలు ఆ చీటీ ఎందుకని అడిగినప్పుడల్లా మేడమ్ గురించి చెబుతున్నాను.