భువనగిరిలో గజం ధర: గుట్ట దిక్కు ఒక లెక్క, స్టేషన్ దిక్కు ఒక లెక్క

భువనగిరిలో జాగ రేటు అడిగితే ఎవరూ ఒక్క మాట చెప్పరు. ఇక్కడ రెండు బజార్లున్నాయి. యాదగిరిగుట్టను చూపించి అమ్మే వెంచర్లది ఒకటి, కోట బండ కింద, స్టేషన్ చుట్టుపక్కల ఉన్న పాత ఊరిది ఇంకొకటి.

వెంచర్ల ధర కబుర్ల మీద నడుస్తుంది. 2016లో జిల్లా కేంద్రమైంది, బీబీనగర్‌కు ఎయిమ్స్ వచ్చింది, 2022 మార్చిలో గుట్ట గుడి మళ్లీ తెరుచుకుంది. అమ్మేవాళ్లు ఒక్కో కబురుకు గజం మీద ఇంత అని కలుపుకుంటూ పోయారు. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా 33 కిలోమీటర్ల ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టాలెక్కకముందే దాని ధర కూడా ప్లాట్లలో కలిసింది. రాని రైలుకు టికెట్టు కొన్నట్టే. కొన్నవాళ్లలో చాలామంది ఉండేది హైదరాబాద్‌లో, ప్లాట్లలో ఉండేది సర్కారు తుమ్మ.

రోజూ సికింద్రాబాద్ పోయి వచ్చేవాళ్లకు పాత ఊరే నయం. పుష్‌పుల్ ప్యాసింజర్ రైలుకు నెల పాసు తీసుకుంటే బస్సు ఖర్చులో కొంతే అవుతుంది. ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగి, బస్సు పోయే ఆ దారిలో ఎంతసేపు పడుతుందో చెప్పలేకుండా చేశాయి. అయితే స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో ఇల్లుంటేనే ఈ లాభం.

పాత ఊళ్లో చిక్కు కాగితాలతో వస్తుంది. చాలా ఇళ్లు గ్రామకంఠం జాగలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన ఉమ్మడి నేలలో ఉంటాయి కాబట్టి పట్టా ఉండదు. తాతల నాటి పెంకుటిల్లుకు ఇంటి పన్ను రసీదు తప్ప ఇంకేమీ దొరకకపోవచ్చు. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన కాగితాలు లేకపోతే బ్యాంకు లోన్ ఇవ్వదు. అన్నదమ్ముల పంపకం రిజిస్టర్ అయిందో లేదో, పక్కింటితో ఉమ్మడి గోడ ఎవరిదో బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి. కొత్తగా కట్టుకుంటే కోట వైపు తొందరగానే బండ తగలొచ్చు. పునాదికి మంచిదే, సంపుకూ సెప్టిక్ ట్యాంకుకూ మాత్రం కంప్రెషర్ పెట్టి కొట్టించాలి, ఆ ఖర్చు మేస్త్రీ మొదట చెప్పడు. పోచంపల్లి, వలిగొండ దిక్కు మురికినీళ్లు పారే మూసీ కాల్వల కింద జాగ చూస్తే బోరు నీళ్లు పరీక్షకు పంపాకే ధర మాట్లాడాలి.

వెంచర్ రేటు సరైనదో కాదో చూడడానికి చిన్న లెక్క చాలు. ఎకరానికి 40 గుంటలు, అంటే 4,840 గజాలు. రోడ్లు, పార్కు పోను అమ్మకానికి మిగిలేది 55–60 శాతం, దాదాపు 2,700 గజాలు. మాటకు ఎకరం కోటిన్నర అనుకుంటే నేల ఖర్చే గజానికి 5,500 దాటుతుంది. రోడ్లు, మోరీలు, పర్మిషన్, ఏజెంటు కమీషన్ దాని పైన. అంతకన్నా తక్కువకు ఇస్తామంటే సంబరపడే పని లేదు, పర్మిషన్ రాకముందే ప్రీలాంచ్ పేరుతో పైసలు లాగుతున్నారని అనుమానించాలి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు ఇంటి కోసం కొననే కొనొద్దు. అవి వ్యవసాయ భూమే, ఇంటి పర్మిషన్ రాదు.

పర్మిషన్ లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం ఎల్ఆర్ఎస్. "ఎల్ఆర్ఎస్ కట్టేశాం" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. 2020లో 1,000 రూపాయలు కట్టింది దరఖాస్తుకే. క్రమబద్ధీకరణ చార్జీలు కట్టాక వచ్చే ప్రొసీడింగ్స్ కాపీ చేతికి తీసుకోవాలి. పాత లావాదేవీలు చూపే ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ప్లాటు నంబరుతోనే తీస్తే పాత అమ్మకాలు కనబడవు, సర్వే నంబరు, బై నంబర్లతో కూడా కనీసం 30 ఏళ్లకు తీయాలి. అదే సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, శిఖం (చెరువు లోపలి) భూమేమో చూడాలి. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. ఎండాకాలం చూసి కొంటే కుంట ఉన్నట్టే తెలియదు.

రిజిస్ట్రేషన్‌కు మొత్తం 7.5 శాతం. 20 లక్షల డాక్యుమెంటుకు లక్షన్నర. ఆ ఖర్చు తగ్గుతుందని అసలు ధర కన్నా తక్కువుండే సర్కారు విలువకే రాయించుకుందామని అమ్మేవాళ్లు తొందరపెడతారు. బ్యాంకు లోన్ కూడా ఆ రాసిన విలువ మీదే వస్తుంది, మిగతాది రొక్కంగా మనమే సర్దుకోవాలి. రేపు అమ్మేటప్పుడు లాభం ఎక్కువ కనబడి పన్నూ మన మీదే పడుతుంది.