తేలినీలాపురం ఫోటోలు, కాస్త పైథాన్

టెక్కలి, జనవరి.

మా టెక్కలి దగ్గర వలస పక్షులు వచ్చే ఊరు తేలినీలాపురం. నిరుటి నుంచి పోగుపడిన అక్కడి పక్షుల ఫోటోలన్నీ ఇప్పుడు తేదీల వరుసలో ఉన్నాయి. ఆ పని చేసింది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం; దాన్ని రాసింది నేను. నా చదువు బీకాం. అంతకుముందు కంప్యూటర్లో నాకు తెలిసినవి టాలీ, ఎక్సెల్.

కెమెరా ఫైళ్లకి వేసే నంబరు 9999 దాటగానే మళ్లీ 0001కి వచ్చేస్తుంది. దాంతో నిరుటి పెలికాన్‌కీ ఈ ఏటి పెయింటెడ్ స్టార్క్‌కీ ఒకటే పేరు. రెండేళ్ల ఫోల్డర్లు కలిపేద్దామంటే ఏది దేని మీద పడి పోతుందోనని భయం. ఒక్కోటీ తెరిచి, తేదీ చూసి, పేరు మార్చే ఓపిక నాకు లేదు.

పైథాన్ ఉచితమే. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర అడుగున 'పాత్'కి (ప్రోగ్రాంల కోసం విండోస్ వెతికే చోట్ల జాబితాకి) చేర్చమనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టాలి. పెట్టకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) పైథాన్ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవచ్చు. పాత పుస్తకాలు కొనేవాళ్లు ఒకటి చూసుకోండి: ప్రింట్ అన్న మాట తర్వాత బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2. దాని నిర్వహణ 2020 జనవరి 1తో ఆగిపోయింది.

పైథాన్‌లో నేర్చుకున్నది వేరియబుల్ (విలువ దాచుకునే పేరు), లిస్టు (జాబితా), ఇఫ్ (షరతు), ఫర్ లూపు (ఒకే పని మళ్లీమళ్లీ చేయించడం), ఫంక్షను (పేరు పెట్టి వాడుకునే పనిముక్క). అందులోనే 'క్లాస్' అనే ఇంకో అంశం జోలికి పోలేదు, ఈ పనికి అవసరం పడలేదు.

ఫోటో ఎప్పుడు తీసిందీ ఫైల్ లోపలే, కెమెరా రాసిపెట్టే ఎగ్జిఫ్ అనే సమాచారంలో ఉంటుంది. పిల్లో అనే లైబ్రరీతో (పైథాన్‌లో వాడుకునే రెడీమేడ్ కోడ్‌తో) దాన్ని చదివితే '2024:11:03 07:15:22' అని వస్తుంది. విండోస్ ఫైల్ పేర్లలో ఆ కోలన్లు చెల్లవు, కాబట్టి వాటి చోట అడ్డగీతలు పెట్టించాను. ముందు ఏడాది, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. మనం రాసే అలవాటులో రోజు ముందు పెడితే అన్ని నెలల ఒకటో తేదీలూ ఒక్కచోట చేరతాయి.

పక్షి ఎగిరేటప్పుడు ఒకే సెకనులో నాలుగైదు ఫోటోలు తీస్తాం. అన్నిటికీ ఒకటే సమయం, ఒకటే పేరు. ఇక్కడ విండోస్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టంలో అయితే కిక్కురుమనకుండా కొత్తది పాతదాని మీద కూర్చుంటుంది, ఫోటో పోయిన సంగతే తెలీదు. అందుకే పేరు చివర కెమెరా ఇచ్చిన నంబరు అలాగే ఉంచాను. ఇంకోటి: మొదటిసారి నడిపినప్పుడు పేర్లు మార్చనివ్వలేదు. పాత పేరు, పక్కన కొత్త పేరు తెర మీద చూపించమన్నానంతే. అది సరిగ్గా ఉందనుకున్నాకే అసలు పని, అదీ కాపీ తీసిన ఫోల్డరు మీద.

మా బావమరిది చూసి, "ఏటి బావా, ఫోటోలకి పేర్లెట్టడానికి ఇంత సదువేటి?" అన్నాడు. మాటలో నిజముంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ పేరు మార్చే పనిని ఒక్క లైనులో చేసేస్తుంది. అది కూడా పెర్ల్ అనే స్క్రిప్టింగ్ భాషలో రాసిందే. పేర్లతోనే సరిపెట్టుకునేవాళ్లు అదొక్కటి నేర్చుకుంటే చాలు. నాకు మాత్రం ఏ పక్షి ఏ ఏడాది ఎప్పుడు మొదట కనబడిందో నా నోటుపుస్తకంతో కలిపి చూసుకోవాలని ఉంది. అది ఏ రెడీమేడ్ ప్రోగ్రాంలోనూ నాకు నచ్చినట్టు రాలేదు.

హాస్టల్లో ఉండే మేనకోడలు అడిగింది: "మావయ్యా, కోచింగ్ లేకుండా నేనూ నేర్చుకోనా?" నీకు పదేపదే చేయాల్సొచ్చే విసుగు పని ఏమిటమ్మా అని అడిగాను. మెస్ లెక్కలట, రోజుల వారీగా తలా ఎంతో పంచడం. అది ఎక్సెల్‌లో ఐపోతుంది తల్లీ, ఇప్పుడు పైథాన్ వద్దన్నాను. ఉద్యోగానికైతే రాసినదాన్ని చూసి తప్పొప్పులు చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఒంటరిగా నేర్చుకున్న నాకు ఆ లోటు తెలుస్తూనే ఉంది; స్క్రిప్టు నడుస్తోంది కానీ బాగా రాశానో లేదో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు నోటుపుస్తకం సీఎస్‌వీ ఫైల్లోకి (కామాలతో విడదీసిన మామూలు పట్టికలోకి) ఎక్కిస్తున్నా. తెలుగు పేర్లు ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా కనబడితే, పైథాన్‌తో ఫైల్ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి) 'యూటీఎఫ్-8-సిగ్' (utf-8-sig) అని ఇవ్వండి, సరిపోతుంది. ఇది ఐతే, పక్షులు వచ్చే ఇంకో ఊరు తేలుకుంచి ఫోటోల ఫోల్డరు మొదలుపెడతా.