బంతి తిరగకూడదు: వేక్‌ఫీల్డ్‌ని చూసి నేర్చుకుంటున్న నకుల్ బాల్, ఆరు నెలల లెక్క

ఏప్రిల్ 13

మొదటి రోజు. నేర్చుకుంటున్నది నకుల్ బాల్, అంటే బేస్‌బాల్‌లో తిరగకుండా వేసే, గాల్లో ఊగే బంతి. 40 బంతులు, 45 అడుగుల దూరం నుంచి, పెరట్లో కట్టిన నెట్‌లోకి. తిరగకుండా వెళ్లినవి సున్నా. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి చూస్తే ఒక్కో బంతి నెట్ చేరేలోపు ఏడెనిమిది చుట్లు తిరిగింది. తెనాలిలో చదువుకునే రోజుల్లో టెన్నిస్ బంతితో మీడియం పేస్ వేసేవాణ్ణి. అప్పట్నుంచీ చేతికి తెలిసింది ఒక్కటే, చివర్లో మణికట్టు విదిలించడం. ఇప్పుడు దాన్నే మానుకోవాలి.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో రాసి పెట్టుకుంటాను. 2011 సెప్టెంబర్ 13. బోస్టన్‌కి చదువుకోడానికి వచ్చి రెండేళ్లు. రూమ్మేట్ దగ్గర ఒక టికెట్ మిగిలితే ఫెన్‌వే పార్క్‌కి వెళ్లాను. బేస్‌బాల్ అంటే అప్పటికి నాకు ఫుల్ టాస్‌ల ఆట, అంతే. బోస్టన్ రెడ్ సాక్స్ తరఫున వేస్తున్న పిచర్‌కి 45 ఏళ్లు, పేరు టిమ్ వేక్‌ఫీల్డ్. పక్కవాళ్లంతా గంటకి 90 మైళ్ల పైన వేసే ఆటలో ఆయన బంతి 65 దగ్గర వస్తోంది. మన లెక్కలో 105 కిలోమీటర్లు, వేగంగా వేసే స్పిన్నర్ కన్నా కొంచెం ఎక్కువ. ఆ బంతికి టొరంటో బ్యాటర్లు గాలిని కొడుతున్నారు. రెడ్ సాక్స్ 18-6తో గెలిచింది. అది ఆయన 200వ గెలుపు. (బేస్‌బాల్‌లో గెలుపు, ఓటమి పిచర్ పేరున రాస్తారు.) 199 దగ్గర జూలై నుంచి ఆగిపోయి, ఎనిమిదో ప్రయత్నంలో దక్కింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను, ఎందుకో సరిగ్గా తెలియకుండానే.

క్రికెట్ వాళ్లకి ఒక మాట. 2011 ప్రపంచ కప్‌లో జహీర్ ఖాన్ వేసిన నకుల్ బాల్ గుర్తుందిగా? ఆ పేరు బేస్‌బాల్ నుంచి వచ్చిందే. కాకపోతే జహీర్‌కి అది మధ్యమధ్యలో తీసే ఒక ఆయుధం. వేక్‌ఫీల్డ్‌కి దాదాపు ప్రతి బంతీ అదే. బ్యాటర్‌కి ఏం రాబోతోందో ముందే తెలుసు. తెలిసినా చేసేదేమీ ఉండదు.

ఏప్రిల్ 27

పట్టు కుదరడానికే రెండు వారాలు పట్టింది. పేరులో 'నకుల్' ఉన్నా, వేళ్ల కణుపులతో పట్టుకునేది కాదు, గోళ్లతో. బంతి మీద కుట్లు గుర్రపు నాడాలా వంపు తిరిగే చోటు ఒకటి ఉంటుంది. ఆ వంపుకి కాస్త కింద, తోలు మీద, చూపుడు వేలు, మధ్య వేలు గోళ్లు ఆనించాలి. బొటనవేలు ఒక పక్క, ఉంగరం వేలు ఇంకో పక్క. చిటికెన వేలికి పని లేదు. అరచేతికీ బంతికీ మధ్య ఖాళీ కనిపించాలి. వదిలేటప్పుడు మణికట్టు కట్టేసినట్టు బిగదీసి, బంతిని విసరడం కాకుండా ముందుకి తోసినట్టు వదలాలి.

గోళ్ల సంగతి చిన్నది అనుకున్నాను, కాదు. మరీ పొడుగైతే విరుగుతాయి. మరీ కత్తిరిస్తే వేలి కండ తగిలి బంతి తిరుగుతుంది. నాకు కుదిరింది వేలి చివర దాటి ఓ రెండు మిల్లీమీటర్లు. నెయిల్ కట్టర్ వాడను, ఆకురాయితో రోజు విడిచి రోజు సాపు చేస్తాను. స్నానం అవ్వగానే వేయకూడదు, గోళ్లు మెత్తబడి ఉంటాయి. గంట ఆగాలి.

బంతి కూడా ముఖ్యం. మొదట కొన్న డజను చవక బంతులు దండగ. రెక్సిన్ లాంటి పై కవరు, కుట్లు చదునుగా ఉన్నాయి. అసలు పనిచేసేవి ఆ కుట్లే. తిరిగే బంతిని గాలి ఒకే దిక్కుకి వంచుతుంది. తిరగని బంతికి కుట్టు ఏ పక్క ఉంటే దాన్ని బట్టి గాలి నెడుతుంది. బంతి మెల్లిగా పావు చుట్టు తిరిగేసరికి కుట్టు చోటు మారి, నెట్టే దిక్కూ మారుతుంది. 1975లో వాట్స్, సాయర్ అనే ఇద్దరు విండ్ టన్నెల్లో బంతి పెట్టి కొలిచి చూపించింది ఇదే. మన సీమ్ బౌలర్లకి కొత్త విషయమేం కాదు. అందుకే ఇప్పుడు అసలు తోలు బంతులే, కుట్లు పైకి తేలినవి, ఆరు కొన్నాను. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కన్నా కొంచెం తక్కువ.

చుట్లు లెక్కపెట్టడానికి ఒక చిట్కా: బంతి నడుం చుట్టూ నల్ల మార్కర్‌తో ఒక గీత. ఫోన్‌ని సెకనుకి 240 ఫ్రేమ్‌ల దగ్గర పెట్టి పక్కనుంచి తీస్తే గీత ఎన్నిసార్లు కనబడి మాయమైందో తెలిసిపోతుంది. ఈరోజు సగటు మూడు చుట్లు. 40లో ఒక్కటి, ఒకే ఒక్కటి, గీత కదలకుండా వెళ్లింది. నెట్ దగ్గరికి వెళ్లి చివర్లో ఎడమకి జారింది. ఆ వీడియో మా ఆవిడకి నాలుగుసార్లు చూపించాను.

మే 18

వేక్‌ఫీల్డ్ పిచర్‌గా రాలేదు. 1988లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆయన్ని తీసుకున్నది బ్యాటింగ్ చూసి. ఫస్ట్ బేస్‌లో నిలబడే కుర్రాడు, కాలేజీలో సిక్సర్ల లాంటి హోమ్ రన్‌లు కొట్టినవాడు. చిన్న లీగ్‌లలోకి వచ్చేసరికి బ్యాట్ పనిచేయలేదు. ఇంటికి పంపేసే పరిస్థితి. ఆటకి ముందు సరదాగా క్యాచ్‌లు ఆడుతూ ఒక నకుల్ బాల్ వేస్తే ఒక కోచ్ కంట పడింది. ఆ బంతి ఎక్కడిదంటే, ఫ్లోరిడాలో మెల్‌బోర్న్ అనే ఊళ్లో, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన వాళ్ల నాన్న, పెరట్లో ఆట త్వరగా ముగించి లోపలికి వెళ్లడానికి వేసిన బంతి. పిల్లాడు పట్టుకోలేక విసుగెత్తి వదిలేస్తాడని! అదే వాడి అన్నం అయింది.

1989లో పిచింగ్ మొదలుపెట్టి, 1992 జూలై 31న పెద్ద లీగ్‌లో మొదటి మ్యాచ్. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తనే వేసి, పది మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్. ఆ రెండు నెలల్లో ఎనిమిది గెలుపులు, ఒకే ఓటమి. ఆ అక్టోబర్‌లో అట్లాంటా మీద రెండు మ్యాచ్‌లు పూర్తిగా వేసి గెలిపించాడు.

నా లెక్క: వారానికి మూడు రోజులు, రోజుకి 40 బంతులు, అంతకు మించను. ఒకసారి ఉత్సాహంలో 90 వేస్తే భుజం మూడు రోజులు పైకి లేవలేదు. బలంగా వేయడం లేదు కదా అని భుజం ఊరుకోదు. సగటు చుట్లు రెండున్నర.

జూన్ 8

నెట్‌తో ఒక హద్దు వరకే. పట్టేవాడు ఉంటే తప్ప బంతి ఏం చేస్తోందో తెలియదు. మా అక్కావాళ్లు పక్క వీధిలోనే ఉంటారు. బావని అడిగాను.

"నాకు వికెట్ కీపింగ్ కూడా రాదు కదరా."

"కూర్చుని పట్టుకుంటే చాలు బావా. మెల్లగానే వస్తుంది."

మెల్లగా వస్తుందన్న మాటే తప్పు. మూడో బంతి ఛాతీ మీదికి వస్తున్నట్టు వచ్చి, ఆఖర్న మిట్ (క్యాచర్ గ్లవ్) కిందికి జారి మోకాలి చిప్పకి కొట్టింది. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, మిట్ సర్దుకుని, "ఇంకొకటి వెయ్యి. ఈసారి చూస్తా దాని సంగతి," అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరోజే వెళ్లి మాస్క్, మోకాళ్ల ప్యాడ్‌లు, సాఫ్ట్‌బాల్ క్యాచర్లు వాడే పెద్ద మిట్ కొన్నాను. గార్డు మాట వేరే చెప్పక్కర్లేదు. ఎవరైనా మొదలుపెట్టే ఆలోచన ఉంటే ఇవి ముందు కొనండి, బంతులు తర్వాత.

వేక్‌ఫీల్డ్‌కి డగ్ మిరబెల్లి ఉండేవాడు. దాదాపు ఆయన బంతుల కోసమే జట్టులో ఉన్న క్యాచర్. 2005 చివర్లో రెడ్ సాక్స్ అతన్ని శాన్ డియేగోకి ఇచ్చేసింది. 2006 ఏప్రిల్‌లో కొత్త క్యాచర్ జాష్ బార్డ్ చేతుల్లోంచి ఒక్క నెలలో పది బంతులు జారిపోయాయి. మే 1న పాత ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్‌తో మ్యాచ్, వేస్తున్నది వేక్‌ఫీల్డ్. ఆ రోజే మిరబెల్లిని వెనక్కి తెచ్చుకున్నారు. విమానం దిగిన మనిషికి పోలీసు బండి దారి చేస్తుంటే, కారులోనే యూనిఫాం మార్చుకుంటూ ఫెన్‌వే చేరాడు. గెలిచారు. ఇది చదివి బావకి చెప్తే, "నాకూ ఎస్కార్ట్ పెట్టించు," అన్నాడు.

జూలై 20

పోయింది. ఎలా పోయిందో తెలియదు. జూన్ చివర్లో సగటు ఒక చుట్టు దాకా వచ్చాను, 40లో పన్నెండు తిరగకుండా వెళ్లాయి. ఈ మూడు వారాల్లో మళ్లీ నాలుగు, ఐదు. పట్టు అదే, గోళ్లు అవే, బంతులు అవే. ఎంత జాగ్రత్తగా వేస్తే అంత తిరుగుతోంది. రాత్రి పడుకుని కూడా వేళ్లు అలాగే ముడుచుకుని ఉంటున్నాయి.

ఈ టైంలో వేక్‌ఫీల్డ్ 1993, 94 లెక్కలు తీసి చూశాను. 1992లో దేశమంతా మాట్లాడుకున్న మనిషి, మరుసటి ఏడు ఆరు గెలిచి పదకొండు ఓడిపోయాడు. కిందికి పంపించారు. 1994 మొత్తం బఫెలోలో చిన్న లీగ్‌లో: ఐదు గెలుపులు, 15 ఓటములు. 1995 ఏప్రిల్ 20న పైరేట్స్ వదిలేసింది. వయసు 28. ఆరు రోజులకి రెడ్ సాక్స్ తీసుకుంది. ఫ్లోరిడాలో ఫిల్ నీక్రో, జో నీక్రో అన్నదమ్ములు ఆయనతో కూర్చుని పని చేయించారు. ఇద్దరూ నకుల్ బాల్ మీదే బతికినవాళ్లు, ఇద్దరి గెలుపులూ కలిపితే 539. ఆ ఏడు వేక్‌ఫీల్డ్ 14 గెలుపులు, ఒక్క ఓటమితో మొదలుపెట్టి 16 గెలుపులు, 8 ఓటములతో ముగించాడు.

నాకు నీక్రోలు లేరు. వీడియోలే ఉన్నాయి. జూన్‌వి, జూలైవి పక్కపక్కన పెట్టి ఫ్రేమ్ ఫ్రేమ్ చూశాను. రెండు గంటల తర్వాత దొరికింది: బొటనవేలు. జూన్‌లో బంతికి ఊరికే ఆనుకుని ఉంది. జూలైలో గట్టిగా నొక్కుతోంది, గోరు చుట్టూ తెల్లబడేంత. బంతి వదిలే క్షణంలో మిగతా వేళ్లు ఒదిలేశాక కూడా అది పట్టుకునే ఉండి, కింద నుంచి గుంజుతోంది.

ఆగస్టు 10

సరిచేసిన పద్ధతి: దూరం 25 అడుగులకి తగ్గించాను. కుడి మోకాలు నేల మీద పెట్టి, కాళ్ల పని అసలు లేకుండా, చేతితో మాత్రమే. రోజూ 20 బంతులు. బొటనవేలి కింద చిన్న కాగితం ముక్క పెట్టి పట్టుకోవడం, అది చిరక్కుండా జారిపడాలి. పది రోజులకి నిలబడ్డాను. తర్వాత 35, తర్వాత 45. నిన్న 40లో పద్నాలుగు. ఈరోజు పదహారు.

ఇంకోటి గమనించాను. అసలు కదలకుండా వెళ్లే బంతి ఒక పక్కకే జారుతుంది, బావ దాన్ని పట్టేస్తున్నాడు. సగం చుట్టు తిరిగే బంతే ఇటు ఊగి అటు పోతుంది. సున్నా కోసం చంపుకోవడం మానేశాను. అర చుట్టు నుంచి ఒక చుట్టు మధ్య చాలు.

సెప్టెంబర్ 7

మొదటిసారి పూర్తి దూరం, 60 అడుగుల 6 అంగుళాలు. పార్కులో పిల్లల మ్యాచ్‌లు అయిపోయాక సాయంత్రం. సగం బంతులు ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ముందే నేలని తాకాయి. ఎదురు గాలి కొంచెం ఉన్న రోజు బాగా ఊగింది. వెనక గాలికి చచ్చిన చేపలా వచ్చింది. ఉక్కపోత రోజు చెమటకి గోరు జారుతుంది, రోజిన్ సంచి (పట్టు జారకుండా రాసుకునే పొడి) తప్పదు.

ఇంటికొచ్చి 2004 అక్టోబర్‌లో యాంకీస్‌తో ఆడిన ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఐదో మ్యాచ్ మళ్లీ చూశాం, బావా నేనూ. దానికి ముందు కథ తెలియాలి. 2003లో అదే సిరీస్‌లో యాంకీస్ మీద రెండు మ్యాచ్‌లు గెలిపించిన వేక్‌ఫీల్డే, ఏడో మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో వేసిన మొదటి బంతికే ఆరన్ బూన్‌కి హోమ్ రన్ ఇచ్చాడు. సీజన్ అక్కడితో అయిపోయింది. ఏడాది తిరిగాక మళ్లీ యాంకీసే. మూడో మ్యాచ్ 19-8తో చేజారిపోతుంటే, మిగతా పిచర్లు అలిసిపోకుండా వేక్‌ఫీల్డ్ తన నాలుగో మ్యాచ్ వదులుకుని వెళ్లి వేశాడు. ఐదో మ్యాచ్ సమం అయి సాగుతోంది. 12వ ఇన్నింగ్స్‌లో ఆయన వచ్చాడు. వెనక మిరబెల్లి లేడు, జట్టులో ఇంకో క్యాచర్ వారిటెక్ ఉన్నాడు. 13లో వారిటెక్ చేతుల్లోంచి మూడు బంతులు జారాయి. యాంకీస్ మనిషి మూడో బేస్ మీద, ఒక్క బంతి జారితే పరుగు. అప్పుడు కూడా ఆయన వేసింది నకుల్ బాలే. యాంకీస్ బ్యాటర్ రూబెన్ సియెరా స్ట్రైకౌట్. 14లో బోస్టన్ బ్యాటర్ ఓర్టిజ్ గెలుపు పరుగు తెచ్చే దెబ్బ కొట్టాడు, గెలుపు వేక్‌ఫీల్డ్ పేరున పడింది. 1918 తర్వాత మొదటిసారి ఆ ఏడే బోస్టన్ కప్పు గెలిచింది.

బావ వీడియో ఆపి, వారిటెక్ మిట్ ఎక్కడ పెట్టాడో చూపించాడు. "చూడు, ముందే చెయ్యి చాపుతున్నాడు. నేనూ అదే చేస్తున్నా. ఆగి పట్టాలి." మరుసటి శనివారం నుంచి బావ జారవిడిచేవి సగానికి తగ్గాయి.

అక్టోబర్ 1

2023లో ఈ రోజే వేక్‌ఫీల్డ్ పోయాడు, మెదడు క్యాన్సర్‌తో, 57 ఏళ్లకి. 200 గెలుపులు, 180 ఓటములు, వాటిలో 186 గెలుపులు బోస్టన్‌కే. క్యాన్సర్ పిల్లల కోసం జిమ్మీ ఫండ్‌తో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. ఈ ఊళ్లో ఆ పిల్లల గురించి మాట్లాడేవాళ్లే ఆయన గెలుపుల కన్నా ఎక్కువ.

ఈరోజు పార్కులో చలి, 9 డిగ్రీలు. గోళ్లు పెళుసుగా అనిపించాయి, వెచ్చని జేబులో చెయ్యి పెట్టుకుని పెట్టుకుని వేశాను. పూర్తి దూరం, 40 బంతులు. ఒక చుట్టు లోపు తిరిగినవి 19. ప్లేట్ మీదుగా వెళ్లినవి 11. బావ వదిలేసినవి ఆరు. చివరి బంతి కుడికి ఊగి ఎడమకి పడింది, మిట్ అంచుకి తగిలి ఆయన భుజం మీదుగా కంచె దాకా దొర్లింది. బావ మాస్క్ తీసి, దాన్ని వెతుక్కుంటూ ఆకుల్లోకి నడిచాడు.