వ్యసనం ఒకరిది, లాభం మరొకరిది

వయసు వచ్చిన మనిషి తన సొమ్ముతో మద్యం పుచ్చుకున్నా, పొగ తాగినా, పందెం కాసినా ప్రభుత్వం అడ్డుపడవచ్చునా అన్న ప్రశ్నకు ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ఇచ్చిన సమాధానమే నాకు ఇప్పటికీ ఆధారం. ఇతరులకు హాని కలగకుండా ఆపడానికే తప్ప, ఒక మనిషిని అతని మేలు కోసమని నిర్బంధించే అధికారం సమాజానికి లేదన్నారాయన. నచ్చజెప్పవచ్చు, బతిమాలవచ్చు, శిక్షించకూడదు.

ఈ హద్దు దాటితే ఏమవుతుందో అమెరికా చవిచూసింది. అక్కడ 1920 నుంచి 1933 వరకు మద్యం తయారీ, అమ్మకం, రవాణా రాజ్యాంగ సవరణతోనే నిషిద్ధమయ్యాయి. తాగడం మాత్రం నేరం కాదు కనుక గిరాకీ అలాగే ఉండి, వ్యాపారం ముఠాల చేతికి పోయింది. పరిశ్రమలకు ఇచ్చే ఆల్కహాలును జనం తాగకుండా ఉండాలని అందులో మిథైల్ ఆల్కహాలు వంటి విషాలు కలిపించిన ప్రభుత్వం, ఆ సరుకు దొంగచాటుగా మద్యంలోకి చేరి మనుషులు చనిపోతున్నారని తెలిసిన తరువాత కూడా ఆ పద్ధతిని మానలేదు. జనం బాగు కోసం చేశామన్న చట్టం ఆ జనం ప్రాణాలనే లెక్కచేయకపోవడం క్షమించరానిదని నా నమ్మకం.

అయితే, అమ్మేవారిని కూడా పూర్తిగా వదిలేయాలనే వారితో నేను ఏకీభవించను. తనను తాను బానిసగా అమ్ముకునే హక్కు స్వేచ్ఛలో భాగం కాదని మిల్ కూడా అన్నారు. నికోటిన్‌కు అలవాటుపడి, మానాలని నిజంగా కోరుకుంటూ మానలేకపోతున్న మనిషి కొనే తరువాతి సిగరెట్టును స్వేచ్ఛగా ఎంచుకున్నదని ఎలా అనగలం? ఆ మానలేనితనం మీదే లాభాలు లెక్కవేసుకునే సంస్థకు, ఆ మనిషికి ఉన్నంత స్వేచ్ఛ ఎందుకుండాలి?

జూదంలో ఈ చిక్కు మరింత బిగుస్తుంది, ఎందుకంటే ఓడిన సొమ్ము ఒక్కరిదే కాదు. పందెం కాయని భార్య, పిల్లలు కూడా ఆ అప్పు మోస్తారు. బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుతో పందేలు కాయడాన్ని ఆపినప్పుడు ఆ బాధ్యతను ఆటగాడి మీద కాక, డబ్బు తీసుకునే సంస్థల మీద పెట్టింది. తనను ఆడనివ్వవద్దని ఆటగాడే స్వయంగా పేరు నమోదు చేసుకునే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. నిబ్బరంగా ఉన్న వేళ తీసుకున్న నిర్ణయాన్ని, ఆశ పుట్టిన వేళ తన నుంచే కాపాడుకోవడానికి మనిషి చట్టం సాయం అడుగుతున్నాడు. ఇది స్వేచ్ఛను తగ్గించడం కాదు, నిలబెట్టడం.

మత్తుపదార్థాల విషయంలో పోర్చుగల్ 2001 నుంచి ఇదే దారిలో నడుస్తోంది. సొంత వాడకానికి, సుమారు పది రోజులకు సరిపడేంత ఉంచుకున్న వ్యక్తిని క్రిమినల్ కోర్టుకు కాక, న్యాయ, ఆరోగ్య, సామాజిక సేవా రంగాలకు చెందినవారుండే ఒక సంఘం ముందుకు పంపుతారు. చికిత్స అవసరమా కాదా అన్నది అక్కడ మాట్లాడతారు. ఆ సరుకు అమ్మడం మాత్రం నేరంగానే ఉంది.