ఫీజు లేదు, ట్యూషన్ ఉంది

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, నాది టైలరింగ్ షాపు. పాప సర్కారు బడిలో ఆరో తరగతి. ఫీజు లేదు, పుస్తకాలు ఇస్తారు, మధ్యాహ్నం అన్నం పెడతారు. కాదనను. కానీ పుస్తకాలన్నీ ఒడియాలో. నేను చదివింది ఆంధ్రాలోని పాతపట్నంలో, అమ్మమ్మగారింట్లో; ఒడియా మాట్లాడతాను గానీ చదవలేను. రాత్రి మిషను పక్కన కూర్చుని "నాన్నా, ఇదేంటి?" అంటే, కత్తెర వెతుక్కుంటున్నట్టు నటిస్తాను. ఆ గుండ్రటి అక్షరాలు! మనవీ గుండ్రటివే, అయినా ఒక్కటీ అందదు. అందుకే ట్యూషన్, నెలకు ఐదొందలు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఉచిత చదువు ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. "పద్నాలుగు నిండితే?" అంటుంది మా ఆవిడ. నా టెన్షనూ అదే. మొన్నే పదకొండు నిండాయి పాపకి.