కళ్లు బాగానే ఉన్నాయి, ఎడమవైపే లేదు

నాకు స్ట్రోక్ వచ్చిందని తెలిసినవాళ్లంతా చెయ్యి ఎలా ఉంది, కాలు ఎలా ఉంది, మూతి వంకర పోయిందా అని అడుగుతారు. చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది, ఇంట్లోవాళ్లకి చాన్నాళ్లు అంతుపట్టనిది వేరే ఉంది. నా ఎడమవైపు లోకం మాయమైపోయింది. మాయమైందన్న సంగతి కూడా నాకు తెలియలేదు. పక్షవాతం వచ్చిన ఇంట్లో ఎవరో ఒకరు ఇది చదివితే, "కళ్లెదురుగా ఉన్నది కూడా చూడవేంటి" అని మంచం మీదున్న మనిషిని కసురుకోకుండా ఉంటారని రాస్తున్నాను.

మాది తెనాలి. వయసు యాభై దాటింది, బీపీ ఉంది, కుడిచేతి వాటం. ఒకరోజు పొద్దున్నే వంటింట్లో ఎడమ చేతిలోంచి గిన్నె జారిపోయి, ఆ వెంటే నేనూ కూలబడిపోతే మా ఆయన చూసి అప్పటికప్పుడు కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లారు. మెదడు కుడి సగానికి వెళ్లే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందన్నారు. గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట, నాకు ఆ టైములోనే అందింది. మాట పోలేదు. మనలో ఎక్కువమందికి మాటని నడిపించే భాగం మెదడు ఎడమవైపు ఉంటుంది, నాకు దెబ్బ తగిలింది కుడివైపు. చక్కగా మాట్లాడుతున్నాను కదా అని చూడ్డానికొచ్చిన చుట్టాలు "ఏం కాలేదు వదినా, గండం గడిచింది" అనేసి వెళ్లారు. నేనూ అదే నమ్మాను. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లలో కొందరికి మొదట్లో తమకేం జరిగిందో తమకే తెలియదట, పారిస్‌లో బాబిన్‌స్కీ అనే డాక్టరు 1914లోనే ఈ లక్షణానికి అనోసోగ్నోసియా అని పేరు పెట్టాడు. ఎడమ చెయ్యి ఎత్తమంటే ఎత్తకుండానే ఎత్తానని చెప్పేదాన్నట. మా అమ్మాయి చెబితే తప్ప నాకు గుర్తు లేదు.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. కంచంలో కుడివైపున్నది తినేసి "ఇవాళ కూర వండలేదా" అని అడిగేదాన్ని. కూర ఎడమ పక్కనే ఉండేది. అమ్మాయి కంచం తిప్పి పెడితే ఇప్పుడే వడ్డించిందనుకుని తినేదాన్ని. తల కుడివైపు దువ్వి అయిపోయిందనుకునేదాన్ని. గుమ్మం దాటిన ప్రతిసారీ ఎడమ భుజం తలుపుకి కొట్టుకునేది. పేపర్లో నరసరావుపేట అని ఉంటే రావుపేట అని చదివేదాన్ని, వాక్యం సగంలోంచి ఎత్తుకునేసరికి ఏమీ అర్థమయ్యేది కాదు. పైట ఉండేది ఎడమ భుజం మీద కదా, అది జారి నేల మీద పడినా తెలిసేది కాదు. ఇంటికి ఎవరెవరో వచ్చినప్పుడు అలాగే కూర్చుని ఉన్నానని తర్వాత తెలిసి చాలా ఏడ్చాను, జబ్బు మొత్తంలో నేను బాగా ఏడ్చింది దానికే.

చీకటిగా ఉంటుందా అని అడుగుతారు. ఉండదు. వీపు వెనక ఏముందో మనకి నల్లగా కనపడదు కదా, అటు ఒకటి ఉందన్న ధ్యాసే ఉండదు, అలా ఉండేది నాకు ఎడమవైపు. అందుకే చూపు తగ్గిందేమోనని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అద్దాలు మార్పించినా ఏమీ మారలేదు. ఇంట్లో మెల్లగా విసుగు మొదలైంది. పట్టించుకోవడం లేదని, మొండితనమని, మనసు బాగాలేదని తలా ఒక మాట. వాళ్లనీ అనలేను, వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

బయటపడింది ముగ్గు వల్ల. ధనుర్మాసం వచ్చింది, చేతికి కాస్త అలవాటవుతుందని అమ్మాయి వాకిట్లో చుక్కలు పెట్టి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పొడుగు కర్రకి సుద్దముక్క కట్టి ఇచ్చి కలపమంది. పెళ్లికి ముందు నుంచి వేస్తున్న ముగ్గు, కళ్లు మూసుకుని వెయ్యగలను. కుడివైపు చుక్కలన్నీ మెలికలు తప్పకుండా కలిపి, పూర్తయిందని సుద్ద కింద పెట్టాను. ఎడమవైపు ఒక్క చుక్కని ముట్టుకోలేదు. అమ్మాయి ఆ సగం ముగ్గుని ఫోన్లో ఫొటో తీసి, ఫిజియోథెరపీ చేయించే రిహాబ్ డాక్టరు గారికి చూపించింది. ఆవిడ చూడగానే "ఇది స్పేషియల్ నెగ్లెక్ట్ అమ్మా, కళ్లది కాదు, మెదడు ధ్యాసది" అన్నారు. మాకు ఎంత ఊరటో చెప్పలేను, నేను కావాలని చెయ్యడం లేదని ఒకరు చెప్పారు.

పరీక్షలు చాలా మామూలుగా ఉన్నాయి, మిషన్లేమీ లేవు. తెల్ల కాగితం మీద అడ్డంగా గీసిన గీతకి మధ్యలో గుర్తు పెట్టమన్నారు, నేను బాగా కుడివైపుకి జరిపి పెట్టాను. కాగితం నిండా ఉన్న చిన్న నక్షత్రాలన్నీ కొట్టెయ్యమంటే కుడి పక్కవే కొట్టేశాను. గడియారం వెయ్యమంటే పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికించాను. తర్వాత ఆవిడ ఎదురుగా కూర్చుని నా ఎడమవైపు ఒక వేలు ఆడిస్తే కనిపించింది, కుడివైపు ఆడిస్తే కనిపించింది, రెండు వైపులా ఒకేసారి ఆడిస్తే కుడివైపుది మాత్రమే కనిపించింది. చూపు పోయుంటే ఒక్క వేలు ఆడించినప్పుడు కూడా కనపడకూడదు కదా. కుడివైపు ఏదైనా ఉందంటే చాలు, నా ధ్యాస దానికే అతుక్కుపోతోంది.

ఎందుకిలా అంటే, మార్సెల్ మెసులం అనే నరాల డాక్టరు చెప్పిన వివరణ నాకు తేలిగ్గా అర్థమైంది. ఎడమ మెదడు ఎక్కువగా కుడివైపు లోకాన్నే కనిపెట్టుకుని ఉంటుందట, కుడి మెదడు రెండు వైపులా చూసుకుంటుందట. ఎడమ మెదడుకి దెబ్బ తగిలితే కుడి మెదడు కొంత కాస్తుంది. కుడి మెదడే పడిపోతే ఎడమవైపుని చూసేవాళ్లు ఉండరు. ఇది ఎక్కువగా, గట్టిగా కుడి మెదడు స్ట్రోక్ వచ్చినవాళ్లలోనే కనపడటానికి అదీ కారణం అంటారు.

ఆ తర్వాత అమ్మాయి దీని మీద దొరికినవన్నీ చదివి నాకు చెప్పేది. నన్ను కదిలించినవి రెండు. మొదటిది ఇటలీలోని మిలాన్‌లో బిసియాక్, లుజాట్టి చేసి 1978లో ప్రచురించింది. ఇద్దరు రోగుల్ని, వాళ్లకి బాగా తెలిసిన మిలాన్ పెద్ద చర్చి ముందున్న చౌకులో, చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకుని ఏమేం ఉన్నాయో చెప్పమన్నారు. కుడివైపు భవనాలు చెప్పి ఎడమవైపువి వదిలేశారు. ఇప్పుడు చర్చి మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించమంటే, ఇందాక వదిలేసినవి చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. జ్ఞాపకం పోలేదు, ఊహలో కూడా ఎడమవైపే పోయింది. అమ్మాయి నాతో కూడా చేయించింది. బస్టాండు నుంచి మా ఇంటికొస్తున్నట్టు అనుకుని కొట్లు చెప్పమంటే మందుల షాపు, టైలరు, పాల బూతు చెప్పానట, ఇంటి నుంచి బస్టాండుకి వెళ్తున్నట్టు అనుకోమంటే అవేవీ రాలేదు, అవతలి వరస కిరాణా కొట్టూ, ఇస్త్రీ బండీ, మిల్లూ వచ్చాయి. ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తే నా గొంతే అని నమ్మబుద్ధి కాలేదు.

రెండోది ఇంగ్లండులో మార్షల్, హాలిగాన్ 1988లో రాసింది. ఒక రోగికి రెండు ఇళ్ల బొమ్మలు చూపించారు. రెండూ ఒకటే, ఒకదానికి మాత్రం ఎడమవైపు మంటలు. తేడా ఏముందంటే ఏమీ లేదంది. ఏ ఇంట్లో ఉంటావంటే మాత్రం ఎక్కువసార్లు మంటలు లేని ఇంటినే చూపించింది. పిచ్చి ప్రశ్న అంటూనే చూపించింది. అంటే కన్ను చూస్తోంది, మెదడులో ఎక్కడో నమోదవుతోంది, మనిషి ఎరుకలోకి రావడం లేదు. ఇది విన్నప్పుడు మా ఆయన ఒక మాట చెప్పారు. ఆయన నా ఎడమవైపు కుర్చీలో కూర్చునుంటే "మీ నాన్న ఇంకా రాలేదా" అని అమ్మాయిని అడిగేదాన్నట, కానీ ఆయన లేచి వెళ్లిపోతే కాసేపటికి స్థిమితం లేకుండా కదిలేదాన్నట. రెండూ ఒకటే అవునో కాదో డాక్టర్లు చెప్పాలి. నేను మాత్రం ఒకటే అని నమ్ముతాను.

వైద్యం సంగతి. మాయమంత్రం లాంటి మందు ఏదీ లేదు. ఫ్రాన్సులో రోసెట్టి బృందం 1998లో, ఎదురుగా ఉన్నవాటిని 10 డిగ్రీలు కుడివైపుకి జరిపి చూపించే ప్రిజం కళ్లద్దాలు పెట్టించి, వేలితో గురి చూపించే సాధన చేయిస్తే, అద్దాలు తీశాక కనీసం రెండు గంటలపాటు ఎడమవైపు ధ్యాస మెరుగైందని చూపించింది. తర్వాత చేసినవాటిలో ఫలితాలు ఒక్కలా రాలేదు. నాకు అవి పెట్టలేదు. అద్దం పెట్టారు. మధ్యలో నిలువుగా అద్దం పెట్టి, ఎడమ చెయ్యి వెనక దాచి కుడి చెయ్యి ఆడిస్తే, అద్దంలో ఎడమ చెయ్యే ఆడుతున్నట్టు కనపడుతుంది. లుధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు నెగ్లెక్ట్ ఉన్న 48 మంది మీద పరీక్షించి ఇది పనిచేస్తోందని 2014లో ప్రచురించారు. మన దేశంలోనే, ఖరీదు లేని అద్దంతో చేశారంటే నాకు గర్వంగా అనిపించింది.

దాంతోపాటు నిత్యం చేసినవి చిన్నచిన్న పనులు. పేపరు ఎడమ అంచు పొడుగునా అమ్మాయి ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసేది, ఆ ఎరుపు కనపడేదాకా తల తిప్పి అప్పుడు చదవాలి. ఏ పని మొదలుపెట్టినా ముందు ఎడమ చేతి వేళ్లు కదపాలి, ఎడమ చెయ్యి ఎడమవైపున కదిలితే ధ్యాస కూడా అటు వస్తుందట. ఎడమ చేతికి మట్టి గాజులు నిండుగా వేయించుకున్నాను, చప్పుడు ఉంటుందని. ఇది నా సొంత ఆలోచన, డాక్టరు గారు మెచ్చుకున్నారు. మా ఆయన మొదట కుడివైపు కూర్చుని మాట్లాడేవారు, వారం వారం కుర్చీ కొంచెం కొంచెం మధ్యకి, తర్వాత ఎడమకి జరిపారు. ఆయన అంత ఓపిక పట్టడం ఈ జబ్బులోనే చూశాను.

ఇప్పుడు ముగ్గు రెండు వైపులా వేస్తున్నాను, వంట చేస్తున్నాను, ఎడమ బర్నరు ఆపానా లేదా అని తల తిప్పి చూసుకుంటాను. అలిసిపోయినప్పుడు, పెళ్లిళ్లలో జనం మధ్య, ఎడమవైపు మళ్లీ జారిపోతుంది. రోడ్డు దాటడమే ఇంకా భయం. మనకి మొదటి సగంలో బండ్లు కుడివైపు నుంచి వస్తాయి, అవి తెలుస్తాయి. రోడ్డు మధ్యకి వచ్చాక ఎడమవైపు నుంచి వస్తాయి. అందుకని ఒక్కదాన్నే దాటను, స్కూటీ తియ్యను. మొన్న చూపించుకున్నప్పుడు నక్షత్రాల కాగితంలో కింద ఎడమ మూలవి మళ్లీ వదిలేశాను. డాక్టరు గారు ఆ మూలకి ఇంకో సాధన రాసిచ్చారు, సాయంత్రం టీ తాగాక అమ్మాయితో కూర్చుని చేస్తున్నాను.